నలభై రెండు సున్నాలు

మూడున్నరకు అన్న సభ నాలుగున్నరైనా మొదలు కాలేదు, ముఖ్య అతిథి అతీగతీ లేదు, వేదిక మీద ఆయన కుర్చీకి మాత్రం తెల్లగుడ్డ తొడిగి ముస్తాబు చేసి పెట్టారు, ఆ గుడ్డకున్నపాటి బుద్ధి అందులో కూర్చోబోయేవాడికి ఉంటే చాలుననుకుంది స్కేలమ్మ. మూడో వరసలో చివరి కుర్చీ ఆమెది, ఒళ్ళో అట్ట, అట్టకు క్లిప్పుతో బిగించిన కాగితం, కాగితం మీద నలభై రెండు పేర్లు, పేరు పక్కన గడి, గడికొక సున్నా. అన్నీ తన చేత్తో రాసినవే, నిన్న మధ్యాహ్నం ఆ వసతిగృహం వరండాలో కూర్చుని, ఒక్కో పిల్ల చెయ్యి తన మీదికి లాక్కుని, మూడు రోజుల క్రితం మోచేతికి దిగువన తనే సూదితో చర్మం కింద వేసిన చుక్క ఏమైందో బొటనవేలితో తడిమి చూసి రాసిన సున్నాలు. చర్మం గట్టిపడి పొంగితే ఒంట్లోకి క్షయ చొరబడిందని లెక్క, ఆ పొంగు పది మిల్లీమీటర్లకు చేరితే రొమ్ముకు ఎక్స్‌రే ఫిల్ము తీసే వ్యాను వస్తుంది, పొంగకపోతే ఏమీ లేదని లెక్క, వ్యాను రాదు, సర్టిఫికెట్టు వస్తుంది. అంతే ఉద్యోగం. జేబులో ఎప్పుడూ అరచేతి పొడుగు ప్లాస్టిక్ స్కేలు ఉంటుంది కాబట్టి ఆఫీసులో ఆమెకు ఆ పేరు పడింది, పెట్టినవాడు రిటైరైపోయాడు, పేరు మాత్రం ఉండిపోయింది, ఇప్పుడు ఇంట్లో మొగుడు కూడా కోపమొస్తే స్కేలమ్మా అనే పిలుస్తాడు.

మైకు దగ్గర ఒకడు వన్ టూ త్రీ, వన్ టూ త్రీ అంటూనే ఉన్నాడు, వాడికి నాలుగు రాదు కాబోలు. బల్ల మీద షీల్డు, ఇత్తడి రంగు పూసిన రేకు, దాని మీద ఆరోగ్య వసతిగృహం అని వంకర అక్షరాలు, ఆఫీసులో అందరూ దాన్ని సున్నాల షీల్డంటారు, ఏ వసతిగృహంలో పిల్లలందరికీ సున్నాలొస్తే ఆ ఏడు అది వాళ్ళదే. ఈ తెలివైన ఆలోచన పెద్దసారుది. పెద్దసారంటే వాళ్ళ శాఖ అధికారి, తెల్లగుడ్డ కుర్చీకి ఎడమ పక్కన కూర్చుని రుమాలుతో మెడ తుడుచుకుంటున్న మనిషి, సర్వీసు మొత్తంలో ఒక్క చెయ్యి కూడా తడిమి చూడని మనిషి, చూసినా ఎర్రదనం కొలవాలో గట్టిదనం కొలవాలో తెలియని మనిషి. ఎర్రదనం కొలిచేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళు మంట. వాళ్ళే నయం, మూడో రోజు వెళ్ళాల్సింది ఐదో రోజు వెళ్ళేవాళ్ళున్నారు, అసలు వెళ్ళకుండా టీ కొట్టు బెంచీ మీద కూర్చుని నాలుగు, ఆరు, సున్నా, ఏడు అని నోటికొచ్చింది నింపేవాళ్ళున్నారు, జీతాలు మాత్రం అందరికీ ఒకటే. ఆమెకు నేర్పిన ముసలి కాంపౌండరు అలాంటివాళ్ళను చూస్తే కిటికీలోంచి ఉమ్మేసేవాడు. కళ్ళు మూసుకో, వేలితో చూడు అనేవాడు, బాల్‌పెన్నుతో దూరం నుంచి మెల్లగా గీసుకుంటూ రా, పెన్ను ఎక్కడ ఆగితే అక్కడ అంచు, అవతలి వైపూ అంతే, మధ్య దూరం కొలువు, ఎంత వస్తే అంత రాయి. ఇరవై నాలుగేళ్ళుగా ఎంత వస్తే అంతే రాసింది. ఆడపడుచు పెళ్ళిలో సగంలో లేచి వెళ్ళిపోయి డెబ్బై రెండో గంట దాటకుండా ఎవరివో చేతులు చూసి వచ్చింది, అత్తగారు ఇప్పటికీ నలుగురిలో ఆ మాట తీసి ఎత్తిపొడుస్తుంది, ఎత్తిపొడిచిన ప్రతిసారీ లోలోపల ఆమెకు గర్వంగానే ఉంటుంది. తప్పుడు అంకె రాసేవాళ్ళ పక్కన కూర్చుని కాఫీ కూడా తాగదు.

ముందు వరసలో వార్డెను. ఆయన పొట్ట ఆయనకంటే ముందు సభకు వచ్చి కూర్చుంది. వరసగా మూడో ఏడు షీల్డు గెలిస్తే ఇక ఎప్పటికీ తమ దగ్గరే ఉంచుకోవచ్చట, అందుకని గోడకు మేకు కూడా కొట్టించుకుని వచ్చాడు, ఆ మాట పొద్దున్నే ఆయనే నవ్వుతూ చెప్పాడు. వెనకే రెండు వరసల్లో పిల్లలు, ఇస్త్రీ మడతలు చెదరని యూనిఫారాలు, నూనె రాసి దువ్విన తలలు, నోళ్ళకు తాళాలు. ఆ చొక్కాలు ఎవరి కొలతకు కుట్టారో గానీ ఒక్కో చొక్కాలో ఇద్దరు పడతారు, మెడలు పుల్లల్లా పైకి నిలబడ్డాయి. వాళ్ళ వంటింటి ముందు నుంచి ఎన్నిసార్లు నడిచి వెళ్ళింది తను, గిన్నెలో నీళ్ళే గానీ కూరగాయ ముక్క కనబడాలంటే గరిటె పెట్టి వెతుక్కోవాలి, చూసింది, చూసి ముక్కు చిట్లించింది, అది తన శాఖ పని కాదు కదా అని వరండాలోకి వెళ్ళి చేతులు చూసుకుంది. మొన్నటిదాకా ఆ పిల్లలు నలభై ముగ్గురు. పొద్దున వార్డెను కొత్త జాబితా తెచ్చాడు, అందులో నలభై మూడో పేరు మీద ఎర్ర సిరా గీత, పక్కన ఇంటికి వెళ్ళినది అని రాసి ఉంది. ఆ పిల్లకు ఇల్లే ఉంటే వీడి దగ్గరెందుకుంటుంది. పిల్లలు దాన్ని అగ్గిపుల్ల అంటారు, సన్నగా ఉంటుంది, తల కాస్త పెద్దగా కనబడుతుంది. మంగళవారం నాడు స్నానాల గది గచ్చు మీద రక్తం కక్కింది, కాపలావాడు భుజాన వేసుకుని ఆసుపత్రికి మోసుకెళ్ళాడు, ఆ వసతిగృహంలో మనిషన్నవాడు వాడొక్కడే. పరీక్షిస్తే కళ్ళెలో క్షయ పురుగులు కుప్పలు. ఫిల్ములో రెండు ఊపిరితిత్తులూ చిమ్మటలు కొట్టిన ఉన్ని గుడ్డలా ఉన్నాయి. నిన్న సాయంత్రం స్కేలమ్మ వార్డుకి వెళ్ళి నలభై మూడో చెయ్యి కూడా తడిమింది, పని సగంలో వదిలే అలవాటు లేదు కాబట్టి, తడిమితే నున్నగా ఉంది. సున్నా. మళ్ళీ తడిమింది, కళ్ళు మూసుకుని, తెరిచి, పెన్నుతో, పెన్ను ఎక్కడా ఆగలేదు. నిరుడు కూడా సున్నా, అంతకు ముందేడూ సున్నా, మూడూ తన చేతిరాతే.

అప్పుడు మంచం అవతల నిలబడి ఉంది కొత్త డాక్టరమ్మ. వచ్చి ఆరు నెలలు కాలేదు, తన కూతురి ఈడు, ఎప్పుడూ చేతిలో ఏదో పుస్తకం, వచ్చిన మొదటి వారంలోనే సిస్టర్, ఈ సున్నాలతో పాటు పిల్లల బరువు కూడా రాయకూడదా అని అడిగితే స్కేలమ్మ చిన్నగా నవ్వి ఊరుకుంది, బరువులు కొలవడానికి కూరగాయల కొట్టు పెట్టుకోలేదమ్మా అని బయటికొచ్చాక పక్కవాళ్ళతో అంది, వాళ్ళు పడీ పడీ నవ్వారు. నిన్న ఆ డాక్టరమ్మ నవ్వలేదు, గొంతు కూడా పెంచలేదు, ఆ పిల్ల చేతిని మణికట్టు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుంది, వేళ్ళు కలిసి ఇంకా చోటు మిగిలింది.

"ఆ పొంగు మీ మందుది కాదు సిస్టర్, ఒంటిది. లోపలి శత్రువును గుర్తుపట్టి ఒళ్ళు బలగాన్ని పోగేసుకుని అక్కడికి పరుగెత్తితే చర్మం పొంగుతుంది. ఈ పిల్ల ఒంట్లో పోగేసుకోడానికి ఏముంది చెప్పండి. పదకొండేళ్ళకి పంతొమ్మిది కిలోలు. రెండు మూడు నెలలు కడుపు నిండా తిననిచ్చి మళ్ళీ పరీక్ష చేస్తే ఈ చెయ్యే పొంగొచ్చు."

పంతొమ్మిది కిలోలు. బస్సులో తన పక్క సీటాయన ఒళ్ళో బియ్యం సంచి అంత ఉంటుంది. రాత్రి ఇంటికి వెళ్ళి భోజనానికి కూర్చుంటే ముద్ద దిగలేదు, మొగుడు ఏమైందని అడిగాడు, తలనొప్పంది, ఆయన టీవీ శబ్దం తగ్గించి మళ్ళీ అటు తిరిగాడు, పాపం అదే ఆయన ప్రేమ. పడుకోలేదు కూడా, పాత చేతులన్నీ ఒకటొకటిగా గుర్తుకొస్తూనే ఉన్నాయి. రెండేళ్ళ క్రితం ఇదే వసతిగృహం నుంచి ఒక పిల్లను పిన్ని వచ్చి తీసుకెళ్ళింది, ఆ పిన్నికి పిల్లల్లేరు, రోజూ గుడ్డు, పాలు, రెండు పూటలా కడుపు నిండా పెట్టింది, నాలుగు నెలలకు ఆ పిల్ల బుగ్గలొచ్చి బడిలో పరీక్ష చేయించుకుంటే పదహారు పొంగింది. స్కేలమ్మే చూసింది. చూసి ఏమంది? నా దగ్గర ఉన్నప్పుడు సున్నా ఉన్న పిల్ల, మీ ఇంటికొచ్చాకే అంటుకుంది, ఇంట్లో ఎవరికి దగ్గుంది అని ఆ పిన్నిని పట్టుకుని నిలదీసింది. ఆ తల్లి ఏడుస్తూ మొగుణ్ణి, అత్తను, పాలు పోసేవాణ్ణి కూడా పరీక్షకు లాక్కొచ్చింది. పెట్టిన చేతిని పట్టుకుని దొంగను చేసింది తను. పెద్దసారు బుర్రలో గుజ్జు లేదని ఇన్నేళ్ళు నవ్వుకుంది, తన బుర్రలో ఉన్న గుజ్జు ఏ అక్కరకొచ్చింది. ఆవల కార్లలో వచ్చి దిగే పిల్లల బడి ఒకటుంది, అక్కడ ఏడుగురికి పొంగితే తల్లిదండ్రులు శాఖను కిందామీదా చేశారు, వ్యాను మూడు రోజులు ఆ గేటులోనే నిలబడింది, ఏడుగురి రొమ్ము ఫిల్ములూ అద్దాల్లా ఉన్నాయి, అయినా ముందు జాగ్రత్తగా ఆరు నెలలు మాత్రలిచ్చారు. తిండి తిన్న చేతులకు మాత్రలు, తినని చేతులకు షీల్డులు. ఇంతమంది చదువుకున్నవాళ్ళు కలిసి ఇరవై ఏళ్ళుగా నడిపిన వ్యవహారం ఇది, ఒక్కడికి అనుమానం రాలేదు, తనకూ రాలేదు, తనకు రావాల్సింది.

అన్నిటికంటే పెద్ద మాట ఒకటుంది, అది పొద్దున బస్సులో నిలబడి ఉండగా తట్టింది. పోయినేడు సరదాకి, పరీక్ష మందు కాస్త మిగిలితే, వసతిగృహంలో పెద్దవాళ్ళకు కూడా వేసింది. వార్డెనుకు పద్దెనిమిది, వంటావిడకు పదిహేడు, కాపలావాడికి పన్నెండు. ముగ్గురికీ ఫిల్ములు శుభ్రంగానే ఉన్నాయి. వార్డెను కంగారుపడి బతిమాలితే, మీ కొవ్వు పొంగిందిలెండి అని ఆటపట్టించింది, ఎటూ కాగితంలో పెద్దవాళ్ళ గడి లేదు కాబట్టి రాయలేదు. ఆ ఇంట్లో మూడు పూటలా తినేవాళ్ళు ముగ్గురే, ఆ ముగ్గురికే పొంగింది. నాలుగు గోడల మధ్య అదే గాలి పీల్చి, పెద్దవాళ్ళ చేతులు నిజం చెప్పాయి, పిల్లల చేతులకు చెప్పే ఓపిక లేకపోయింది. ఇది చంటిపిల్లకు కూడా అర్థమయ్యే లెక్క. తిన్నగా పెద్దసారు గదికి వెళ్ళి చెప్పింది, కుర్చీ కూడా చూపించలేదు ఆయన, కంప్యూటర్లో పేకాట మూసి, అంతా విని, పెద్దవాళ్ళకు ఫారంలో గడి ఎక్కడుందమ్మా అన్నాడు. జబ్బు పిల్ల పేరు జాబితాలోనే లేదు, మిగతా వాళ్ళకు పొంగు లేదు, పొంగు లేనివాళ్ళకు వ్యాను వేస్తే డీజిలు ఎవరు పోస్తారు, వచ్చే ఏడు చూద్దాం అన్నాడు. వచ్చే ఏడట. ఆయన దృష్టిలో పిల్లలంటే దస్త్రాలు, బీరువాలో పెట్టి తాళం వేస్తే ఎక్కడివక్కడే ఉంటారు.

అక్కణ్ణించి వార్డుకెళ్ళింది. అగ్గిపుల్ల మెలకువగానే ఉంది, మొహానికి మాస్కు, మాస్కు మొహానికంటే పెద్దది. ఆంటీ, నా సర్టిఫికెట్టు వచ్చిందా అని అడిగింది, అందరికీ వచ్చి తనకు రాకపోతే వార్డెను సారు కొడతాడని దాని భయం. వచ్చిందని చెప్పింది స్కేలమ్మ. తర్వాత ఆ పిల్ల చెయ్యి ఊపి దగ్గరికి రమ్మని పిలిచింది, చెవిలో చెప్పే మాట.

"బుడ్డి కూడా దగ్గుతుంది ఆంటీ. రాత్రిపూట దిండు నోట్లో పెట్టుకుంటుంది. నేను చెప్పానని చెప్పకండి."

ఇదుగో బుడ్డి, రెండో వరసలో ఈ చివర, ఏడేళ్ళుంటాయేమో, కాళ్ళు నేలకందక గాలిలో వేలాడుతున్నాయి. ఇందాకటి నుంచి చూస్తూనే ఉంది స్కేలమ్మ. దగ్గు వచ్చేటప్పుడు ఆ పిల్ల ముందు భుజాలు బిగిస్తుంది, తర్వాత మొహం చొక్కా చేతిలో దాస్తుంది, తర్వాత వార్డెను వీపు వైపు చూస్తుంది. వీపు కదలకపోతే నిదానంగా ఊపిరి వదులుతుంది. ఒళ్ళో కాగితంలో పదిహేడో వరస ఆ పిల్లదే, పక్కన సున్నా, గుండ్రంగా, గడి మధ్యలో కుదురుగా, తన దస్తూరీని చూసి అందరూ మెచ్చుకునేవాళ్ళు. అబద్ధమా అది? కాదు, పెన్ను ఆగలేదు, కొలత వచ్చినంతే రాసింది, వెయ్యిమంది ముందు ప్రమాణం చేయమన్నా చేస్తుంది. ఈ కాగితంలో ఒక్క అబద్ధం లేదు. అంత నిజమైన కాగితం పట్టుకుని వచ్చే ఏడాది దాకా ఆ పిల్లను ఆ గదిలో ఆ దిండుతో పడుకోబెడతారు, పక్క మంచం మీద ఇంకొకతె, ఆ పక్కన ఇంకొకతె. డాక్టరమ్మ పైకి ఉత్తరం రాస్తానంది, రాస్తుంది, మంచిపిల్ల, ఆ ఉత్తరం టేబుళ్ళ మీద నుంచి టేబుళ్ళ మీదికి నడిచి చేరేసరికి బుడ్డి పేరు మీద కూడా ఎర్ర గీత పడుతుంది. ఇంటికి వెళ్ళినది.

గుమ్మం దగ్గర కలకలం మొదలైంది, కారు వచ్చిందట, లోపలికి తెస్తున్నారట, అందరూ కుర్చీలు చప్పుడు చేస్తూ లేచారు. పెద్దసారు వేదిక మీద నుంచి ఆమె వైపు చెయ్యి ఊపాడు, సంతకం పెట్టాలి, కాగితం త్వరగా పట్రా అని సైగ. స్కేలమ్మ లేవలేదు. జేబులోంచి పెన్ను తీసింది. టీ కొట్టు బెంచీ మీద కూర్చుని అంకెలు నింపేవాళ్ళ మొహాలన్నీ కళ్ళ ముందు కదిలాయి, రావే, నువ్వూ వచ్చావా అని జరిగి చోటిస్తున్నట్టే ఉంది, సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ముసలి కాంపౌండరు బతికుంటే ఈ కాగితం చూసి కిటికీ వెతుక్కునేవాడు. మొదటి సున్నాకు ఎడమ పక్కన నిలువుగా ఒక గీత గీసింది. గీత కాస్త వంకర పోయింది. పది. రెండో దానికి, మూడో దానికి, పదో దానికి వచ్చేసరికి గీత నిటారుగా వచ్చింది, పదిహేడో దానికి కావాలనే గట్టిగా గీసింది, నలభై రెండింటికీ గీసింది. నలభై రెండు పదులు. తొమ్మిది లేదు, పదకొండు లేదు, ఎద్దు కూడా నమ్మదు ఈ కాగితాన్ని, టీ కొట్టువాళ్ళు సైతం ఇంతకంటే నేర్పుగా అబద్ధమాడతారు. ఎవరైనా ఒక్కసారి చూస్తే ఉద్యోగం ఊడుతుంది. చూడరని ఆమెకు తెలుసు, ఇరవై నాలుగేళ్ళుగా ఆ తెలియడంలోనే బతికింది, ఇవాళ మొదటిసారి అది పనికొస్తోంది.

వేదిక ఎక్కి అట్ట పెద్దసారు ముందు పెట్టింది. ఆయన పెన్ను మూత తీశాడు, చూపు గుమ్మం వైపే ఉంది, ముఖ్య అతిథి అక్కడ ఎవరితోనో చేతులు కలుపుతున్నాడు.

"అన్నీ సున్నాలేగా?"

"చూసి పెట్టండి సార్."

"నువ్వు చూశాక నేను చూసేదేముందమ్మా. ఇన్నేళ్ళలో ఒక్క అంకె తప్పు రాశావా నువ్వు."

సంతకం పెట్టేశాడు. తోక కూడా వదల్లేదు, పూర్తి సంతకం, కింద తేదీ. ఆ మనిషి మీద అసహ్యంతో నోరు చేదైంది ఆమెకు, అయినా ఇన్నేళ్ళ నౌకరీలో ఆయన తన గురించి చెప్పిన మంచిమాట ఇదొక్కటే, అదీ నిజమైన మాటే, ఐదు నిమిషాల క్రితం వరకు. ఏడుపొచ్చేలా ఉంది. అట్ట తీసుకుని మెట్లు దిగింది, ఎదురుగా వార్డెను అప్పటికే లేచి చొక్కా సర్దుకుంటున్నాడు, ఆయన పొట్టకు దారిచ్చి పక్కకు తప్పుకుంది.

వేదిక పక్కన చిన్న బల్ల దగ్గర గుమాస్తా ఉంటాడు, వ్యాను ఏ రోజు ఏ గేటుకు వెళ్ళాలో రాసే డైరీ ఆయన దగ్గరే ఉంటుంది, కాగితం చేతికొస్తే పేర్లు చూడడు, మనుషుల్ని చూడడు, పది, అంతకు పైన ఉన్న గడులు మాత్రం లెక్కపెడతాడు. ముఖ్య అతిథి షీల్డు ఎత్తాడు, వార్డెను రెండు చేతులూ చాచాడు, పిల్లలందరూ నేర్పించినట్టే ఒకేసారి చప్పట్లు మొదలుపెట్టారు, బుడ్డి ఒక చేత్తో కుర్చీ చెక్క మీద కొడుతోంది, రెండో చెయ్యి నోటి దగ్గర ఉంది. గుమాస్తా వేలు కాగితం మీద పైనుంచి కిందికి నడిచింది, మధ్యలో ఒకసారి తప్పి మళ్ళీ మొదటికొచ్చింది. నలభై రెండు అన్నాడు. ఇంతమందంటే రెండు రోజులు పడుతుందన్నాడు. సోమవారం, మంగళవారం అని డైరీలో రాసుకుని, ముద్ర వేసి, ముద్ర మీద ఊది, అప్పుడు తల ఎత్తాడు. వేదిక వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు.

"మరి వీళ్ళకి షీల్డెందుకు ఇస్తున్నారు మేడమ్?"

"చప్పట్లు కొట్టండి, ఫోటో తీస్తున్నారు" అని స్కేలమ్మ తనూ కొట్టింది.